తలుపులు తెరిపించిన వర్తకుడు – గాజుల లక్ష్మీనరసు శెట్టి

చెన్నపట్టణం అనగానే మన సరిహద్దు మండలాల వారికి ముందుగా జ్ఞప్తికి వచ్చేవి మూర్ మార్కెట్టు స్టేషను, పారిస్ కార్నరు, పెళ్లి బట్టల కోసం కాళ్లరిగేలా తిరిగిన చాకలిపేట వీధులు. ఆ నల్లపట్టణపు వీధులలోనే, కోటకు కూతవేటు దూరంలో, నూట ఎనభై ఏండ్లకు పూర్వం ఒక తెలుగు వర్తకుడు ప్రభుత్వాన్ని లెక్క చెప్పమని అడిగాడని, అడిగి ఊరకుండక చెప్పించాడని మనలో ఎందరికి తెలుసు? ఆయన పేరు గాజుల లక్ష్మీనరసు శెట్టి. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందిన రోజులలో ఆ పేరు నాకు ఒక ప్రశ్నలో సగంగా మాత్రమే తెలిసింది. జతపరచుడి అనే శీర్షిక కింద ఎడమవైపు ఆయన పేరు, కుడివైపు మద్రాసు నేటివ్ అసోసియేషన్, 1852. గీత గీస్తే ఒక మార్కు. ఆ గీతకు అవతల ఎంత కథ ఉన్నదో చెప్పిన గురువు లేడు. ఉపాధ్యాయుడనైన పిమ్మట నేనూ చాలాకాలం చెప్పలేదు.

నేడు ప్రభుత్వ కార్యాలయంలో ఏం జరుగుతున్నదో తెలుసుకునేందుకు మనకు 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. అంతకు ఎనిమిదేండ్ల ముందే, 1997లో, దేశంలోని రాష్ట్రాలన్నిటికంటే మొదట తమిళనాడు ఇటువంటి చట్టాన్ని చేసింది. మినహాయింపులు మాత్రం అందులో దండిగా ఉండేవి. పల్లెలలో గ్రామసభ ఉన్నది. 2022 నవంబరు 1 నుండి తమిళనాడు పట్టణాలలో వార్డుకు చెందిన ఏరియా సభలు కూడా మొదలయ్యాయి. అమెరికాలో 1976లో ఫెడరల్ సంస్థల సమావేశాలు ప్రజల సమక్షంలోనే జరగాలని ఒక చట్టం చేసి, దానికి సూర్యకాంతి పేరు పెట్టుకున్నారు. అన్ని ప్రభుత్వ సంస్థలకూ వర్తించే అటువంటి ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. ఇవేవీ లేని కాలంలో, ప్రజలకు ఓటు గాని, ప్రశ్నించే హక్కు గాని లేని కాలంలో, కోట లోపలి వ్యవహారాన్ని ఒక మనిషి వీధిలోకి ఎట్లా తెచ్చాడన్నదే ఈ జీవితకథలోని అసలు విషయం.

లక్ష్మీనరసు శెట్టి 1806లో మద్రాసులో జన్మించారు. తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందు, బట్టల వ్యాపారి. ఆ కాలంలో మద్రాసు రుమాళ్లనే రంగు గళ్ల గుడ్డలకు విదేశాలలో మంచి గిరాకీ ఉండేది. లక్ష్మీనరసు గారికి పాఠశాల చదువు అంతంత మాత్రమే. చిన్ననాడే తండ్రితో పాటు కొట్టులో కూర్చుని, ఎగుమతి వ్యాపారంలో ఆరితేరి, కాలక్రమాన పట్టణంలోని సంపన్నులలో ఒకరయ్యారు. రాజకీయం ఆయనకు ఏ గ్రంథం నుండి వచ్చిందో కాదు. వర్తకుడికి లెక్క రాయడం తెలుసు, రాసిన లెక్కను ఎదుటివాడికి చూపించడం తెలుసు, చూపించని వాడిని అనుమానించడమూ తెలుసు. ఆయన తరువాత చేసిన పనులన్నిటిలో నాకు ఈ కొట్టు బుద్ధే కనిపిస్తుంది.

అప్పటి పరిపాలన తీరును కొంత చెప్పుకోవాలి. మద్రాసు రాజధానిని గవర్నరు, ఆయన కౌన్సిలు సెయింట్ జార్జి కోటలో కూర్చుని నడిపేవారు. వారి చర్చ వారిదే, వారి కాగితం వారిదే. ఆ కాగితాలు ఓడలో లండనుకు పోయేవి. అక్కడ కంపెనీ డైరెక్టర్లు వాటిని చదివి, ఆమోదించడమో మందలించడమో చేసి తిరుగు ఓడలో పంపేవారు. పన్ను కట్టే రైతుకు, మగ్గం నేసే సాలెవానికి తన మీద ఏం నిర్ణయమైనదో అమీనా వచ్చి గుమ్మంలో నిలిచినప్పుడు తెలిసేది. శాసనాల విషయంలో మాత్రం ఒక చిన్న కిటికీ ఉండేది. ముసాయిదాను ముందుగా గెజెట్‌లో ప్రచురించేవారు, అభ్యంతరమున్నవారు అర్జీ పెట్టుకోవచ్చు. గెజెట్ చదివేవారెందరు, అర్జీ రాయగలవారెందరు అన్నది వేరే సంగతి.

ఆ కిటికీ విలువను లక్ష్మీనరసు గారు గ్రహించారు. ఆంగ్లంలో వెలువడుతూ దేశీయుల చేతిలో ఉన్న నేటివ్ సర్క్యులేటర్ అనే పత్రికను సి. నారాయణస్వామి నాయుడు గారి నుండి కొని, దానికి క్రెసెంట్ అని పేరు పెట్టి, 1844 అక్టోబరు 2న తొలి సంచికను వెలువరించారు. సంపాదకుడిగా ఎడ్వర్డ్ హార్లే అనే ఆంగ్లేయుణ్ణి నియమించారు. హిందువుల స్థితిగతులను మెరుగుపరచడమే పత్రిక ఆశయమని ప్రకటించుకున్నారు. తెలుగువాడు తమిళ దేశంలో ఆంగ్ల పత్రిక పెట్టడం వింతగా తోచవచ్చు. పత్రిక చదవవలసినవారు కోటలో ఉన్నారు, వారి భాష అది. మన వాడకు అర్థమయ్యేలా రాస్తే మన వాడే చదువుతుంది. దొర చదవాలంటే దొర భాషలో రాయాలి. రెండు భాషల నడుమ బ్రతికే మా బోటి సరిహద్దు ఉపాధ్యాయులకు ఈ కిటుకు ఎవరూ వివరించనక్కరలేదు.

సర్కారు వెంటనే మొగం చిట్లించింది. పత్రిక గురించిన ప్రకటనను ఫోర్ట్ సెయింట్ జార్జి గెజెట్‌లో వేయమని పంపితే నిరాకరించారు. ఇతర పత్రికలకు లభించిన సౌకర్యం దీనికి లభించలేదు.

అప్పుడు గవర్నరుగా ఉన్నవాడు ట్వీడేల్ మార్క్విస్. మిషనరీల పట్ల ఆయనకు గల మొగ్గు దాచినది కాదు. సర్కారు పాఠశాలలలో బైబిలును పాఠ్యగ్రంథంగా పెట్టాలని 1846లో ఆయన ప్రతిపాదించారు. అంతకు పూర్వమే, 1845లో, మతం మారినవారు పిత్రార్జితంలో హక్కు కోల్పోకుండా చేసే శాసనపు ముసాయిదా వెలువడింది. దానిపై మద్రాసు హిందువుల పక్షాన అర్జీలు వెళ్లాయి. తిరునల్వేలి ప్రాంతంలో మతం మారినవారికి, మారనివారికి మధ్య జరిగిన అల్లర్ల కేసులో గవర్నరు జోక్యం చేసుకున్నారని పట్టణమంతా అట్టుడికిపోయింది. సదర్ అదాలతు న్యాయమూర్తి మాల్కం లెవిన్ ప్రభుత్వంతో విభేదించి పదవినే కోల్పోయారు. 1846 అక్టోబరు 7న లక్ష్మీనరసు శెట్టి గారి అధ్యక్షతన మద్రాసులో బహిరంగ సభ జరిగింది. వేలాది సంతకాలతో విజ్ఞాపన పత్రం గవర్నరును దాటి నేరుగా డైరెక్టర్లకు పోయింది. బైబిలు ప్రతిపాదనను లండను అంగీకరించలేదు. వారసత్వపు శాసనం మాత్రం 1850లో అమలులోకి వచ్చింది.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పక తప్పదు. ఆ శాసనాన్ని వ్యతిరేకించడంలో లక్ష్మీనరసు గారిని నేను సమర్థించలేను. మతం మార్చుకున్నంత మాత్రాన మనిషి తండ్రి ఆస్తికి పరాయివాడు కారాదు. ఆయన తన కాలపు సంప్రదాయవాది. ఐనా ఒక సంగతి గమనించదగినది. అల్లరిమూకతో కాదు, పదిమందిని పిలిచి, అందరి ఎదుట తీర్మానం చదివి, సంతకం పెట్టించి పంపారు. మూసిన గదిలో నిర్ణయాలు చేసే సర్కారుకు తెరిచిన సభతో సమాధానం చెప్పడం ఆనాటి మద్రాసులో పెద్ద పాఠం. దీనికి ముందు ఒరవడి లేకపోలేదు. 1839లో జార్జి నార్టన్ అండతో విద్య కావాలని డెబ్బైవేల సంతకాలతో గవర్నరుకు అర్జీ ఇచ్చిన పట్టణమే అది.

ఆ పాఠం ఫలించినది 1852లో. కంపెనీ పాలనకు పార్లమెంటు ఇరువై ఏండ్లకొకసారి చార్టరు ఇచ్చేది. 1853లో ఆ గడువు ముగియనున్నది. కలకత్తాలోని బ్రిటిష్ ఇండియన్ అసోసియేషన్ తన శాఖను మద్రాసులో పెట్టాలని కోరగా 1852 ఫిబ్రవరి 26న ఒక సంఘం ఏర్పడింది. కలకత్తా జమీందార్ల గోడు వేరు, మద్రాసు రైతువారీ గోడు వేరు. కాబట్టి కొద్ది నెలలకే, జూలై 13న, ఆ శాఖ విడివడి మద్రాసు నేటివ్ అసోసియేషన్‌గా నిలిచింది. దక్షిణ దేశంలో రాజకీయ సంఘమని చెప్పదగిన మొదటిది ఇదే. దీనికి ప్రాణం, ధనం రెండూ లక్ష్మీనరసు గారే. ధనం ఒకరిదైనప్పుడు మాట కూడా ఒకరిదే అవుతుందన్న అసంతృప్తి కొందరికి కలిగింది. ఆ ఏడు గడవకముందే సంఘ సంస్కరణ, విద్య ముఖ్యమని తలచిన కొందరు విడిపోయి వేరే సభ పెట్టుకున్నారు. ప్రభుత్వం తలుపు తెరవమన్న సంఘం తన తలుపు ఎంత తెరిచి ఉంచుకున్నదని వారు అడిగి ఉంటే అది న్యాయమైన ప్రశ్నే.

1852 డిసెంబరులో సంఘం పార్లమెంటుకు పంపిన విజ్ఞాపనలో ఏమేమి ఉన్నదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మనవి చేసుకుంటున్నామనే మర్యాద మాటల కింద అది నిజానికి ఒక చిట్టా. భూమిశిస్తు భారం, దానిని వసూలు చేసే పద్ధతి, మగ్గాల మీద, చేతివృత్తుల మీద వేసే మొహతర్ఫా పన్ను, న్యాయస్థానాలలో జాగు, ఖర్చు, బాటలు వంతెనలు చెరువుల దుస్థితి, విద్యకు దక్కే అరకొర సొమ్ము, అన్నీ అందులో చేరాయి. పరిపాలనలో అధికారులతో పాటు అనధికారులు కూడా కూర్చునే సభ ఒకటి మద్రాసుకు కావాలన్నారు. శిస్తు కోసం రైతులను హింసిస్తున్నారన్న ఆరోపణ కూడా అందులోనే ఉన్నది.

చార్టరు వచ్చింది, గడువు పొడిగింపబడింది. మద్రాసు వారు అడిగినవి చాలావరకు అడిగినట్లే మిగిలాయి. దేశం మొత్తానికి చూస్తే ఒక మార్పు మాత్రం కలిగింది. 1853 చార్టరు చట్టం కింద కలకత్తాలో ఏర్పడిన శాసనసభ తన సమావేశాలను బహిరంగంగా జరపసాగింది, కార్యక్రమ నివేదికలను అచ్చువేయసాగింది. మన దేశంలో చట్టం చేసే గది తలుపు జనానికి తెరుచుకోవడం అదే మొదలు.

ఇక్కడ ఒక స్వానుభవం. కొన్నేండ్ల క్రితం నేను పనిచేసిన ఒక బడిలో యాజమాన్య కమిటీ సమావేశపు మినిట్సు పుస్తకం, సమావేశానికి రెండు రోజుల ముందే, సంతకాల కోసం చేతికి వచ్చింది. తీర్మానాల స్థానంలో తెల్ల కాగితం. సభ్యులైన తల్లిదండ్రులు వేలిముద్ర వేసేశారు. నేనూ సంతకం చేశాను. ఆ మధ్యాహ్నమే పదవ తరగతికి ప్రజాస్వామ్యం పాఠం చెప్పాను. ఇది రాసుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. ఐతే లక్ష్మీనరసు గారి కథ చదివినప్పుడల్లా ముందుగా గుర్తుకు వచ్చేది ఆ తెల్ల కాగితమే.

ఆయన పార్లమెంటు మౌనంతో ఆగలేదు. అర్జీని చదివి పక్కన పెట్టగలరు, కళ్లతో చూసినవాణ్ణి మాత్రం మాట్లాడకుండా ఆపలేరు. భారతదేశ పాలనా సంస్కరణల కోసం లండనులో ఏర్పడిన సంఘానికి అధ్యక్షుడైన పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్ 1853 అక్టోబరులో మద్రాసుకు వచ్చారు. లక్ష్మీనరసు గారు ఆయనకు ఆతిథ్యమిచ్చి కూర్చోబెట్టలేదు, వెంటబెట్టుకుని జిల్లాలకు తీసుకుపోయారు. కడలూరు, కుంభకోణం, తంజావూరు, తిరుచిరాపల్లి, సేలం వంటి చోట్ల రైతులు తమ గోడు దొరకు స్వయంగా చెప్పుకున్నారు. ఒక జిల్లాకు కలెక్టరే రాజైన ఆ రోజులలో, ఆ కలెక్టరు కచేరీ ఎదుటనే, బయటి మనిషితో రైతును మాట్లాడించడం ఎంత సాహసమో ఊహించుకోవచ్చు. దొర వెళ్లిపోతాడు, ఊరిలో మిగిలేది రైతు, తాసీల్దారు.

సేమూర్ తిరిగి వెళ్లారు. 1854 జూలైలో కామన్స్ సభలో మద్రాసు భూమిశిస్తుపై విచారణ సంఘం వేయాలని బ్లాకెట్ అనే సభ్యుడు తీర్మానం ప్రవేశపెట్టినప్పుడు సేమూర్ తాను తెలుసుకున్నదంతా సభ ఎదుట పెట్టారు. మద్రాసులో ఉద్యోగం చేసి వెళ్లిన పెద్దలు కొందరు హింస మాటే తామెరగమన్నారు. కొందరు అప్పుడప్పుడు జరుగుతుందని ఒప్పుకున్నారు. మాట పొక్కిన తరువాత మూసిపెట్టడం ఎవరి వల్లా కాలేదు. విచారణ జరపవలసిందిగా మద్రాసుకు ఆదేశం వచ్చింది.

1854 సెప్టెంబరులో మద్రాసు ప్రభుత్వం ముగ్గురితో కమిషన్ వేసింది. ఇ.ఎఫ్. ఇలియట్, హెచ్. స్టోక్స్, న్యాయవాది జాన్ బ్రూస్ నార్టన్. హింసకు గురైనవారు వచ్చి చెప్పుకోవచ్చని ప్రకటన చేశారు. అప్పటికి మద్రాసులో రైలు లేదు, 1856లో గాని అది నడవలేదు. రాజధాని ఒక కొసన గంజాం, మరొక కొసన తిరునల్వేలి. ఎడ్లబండి మీదనో కాలినడకనో రావాలి, బత్తెం కట్టుకోవాలి, సాగు పని విడవాలి, తిరిగి వెళ్లాక ఊరి అధికారి మొగం చూడాలి. ఐనా 519 మంది స్వయంగా వచ్చారు. 1440 మంది లేఖలు పంపారు. మొత్తం 1959 ఫిర్యాదులు. ఈ సంఖ్య వద్ద నేను ప్రతిసారీ ఆగిపోతాను. అడుగుతారని తెలిస్తే చెప్పడానికి జనం ఎంత దూరమైనా నడుస్తారు.

వారు చెప్పినది వినలేనిది. కిట్టి అనేది రెండు కర్రచెక్కలను ఒక కొస కట్టి చేసిన సాధనం. నిమ్మకాయ పిండినట్లు దాని నడుమ చేతివేళ్లను నొక్కేవారు. ఆనందాళ్ అంటే మెడను వంచి కాలి బొటనవేలికి తాడుతో కట్టి, వీపుపై రాయి పెట్టి, ఎండలో నిలబెట్టడం. ఈ రెండింటికీ తెలుగు సీమలో చీరాట, గింగెరి అనే పేర్లున్నట్లు నివేదికలోని ఆంగ్ల అక్షరాల వలన తెలుస్తున్నది. మన భాషకు ఆ పుస్తకంలో దక్కిన చోటు అది. శిస్తు బకాయి కొన్ని సందర్భాలలో కొద్ది రూపాయలు, కొన్నిట అణాలు. ఒకే తాసీల్దారు చేతిలో శిస్తు వసూలు, పోలీసు అధికారం రెండూ ఉన్నందున ఫిర్యాదు చేయవలసిన చోటు, కొట్టిన చోటు ఒకటే అయింది.

1855 ఏప్రిల్‌లో నివేదిక వెలువడింది. హింస ఉన్నదని, శిస్తు కోసమూ నేరం ఒప్పించడం కోసమూ వాడుకలో ఉన్నదని కమిషన్ నిర్ధారించింది. నేరాన్ని మాత్రం చాలావరకు కింది దేశీయ ఉద్యోగుల మీదనే మోపి, పై దొరలకు తెలిసి జరిగినది కాదన్నది. ఇది సగం నిజమని నా తలంపు. కొరడా పట్టినవాడు మనవాడే, అందులో సందేహం లేదు. ఇంత శిస్తు ఇన్ని రోజులలో కావాలని పైనుండి వచ్చిన తాఖీదు ఎవరిది? కార్ల్ మార్క్స్ 1857లో న్యూయార్క్ పత్రికకు రాసిన వ్యాసంలో ఈ నివేదికనే ఎత్తి చూపి, కింది నౌకర్లకూ పై అధికారులకూ మధ్య గీసిన ఈ గీతను నమ్మలేదు. కోట నుండి వెలువడిన ఒక సర్కారు పుస్తకం సముద్రాలు దాటి సర్కారుకే సాక్ష్యమైంది. 1856 ఏప్రిల్‌లో ఆల్బెమార్ల్ ప్రభువు లార్డ్స్ సభలో ఈ సమస్యను మళ్లీ లేవనెత్తారు. కొంతకాలానికి శిస్తు నుండి పోలీసు విడివడింది. 1859 నాటి మద్రాసు పోలీసు చట్టంతో ప్రత్యేక పోలీసు శాఖ ఏర్పడింది.

కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చాక 1859లో సర్ చార్లెస్ ట్రెవెల్యన్ గవర్నరుగా వచ్చారు. పీపుల్స్ పార్కు వేయించిన దొర ఈయనే. ఈయన కాలంలో జరిగిన ఒక సంఘటన మన విషయానికి చాలా దగ్గరిది. కలకత్తా ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్, అంటే ఎకానమిస్ట్ పత్రిక స్థాపకుడు, 1860లో దేశానికి మొదటిసారిగా ఆదాయపు పన్ను ప్రతిపాదించారు. మద్రాసుకు అది తగదని ట్రెవెల్యన్ తన ప్రభుత్వం తరఫున రాసిన మినిట్లను, పై ప్రభుత్వానికి పంపి ఊరుకోక, వార్తాపత్రికలకు విడుదల చేశారు. ప్రభుత్వాల నడుమ జరిగిన వాదాన్ని ప్రజల ఎదుట పెట్టిన నేరానికి లండను ఆయనను వెనక్కు పిలిచింది. మద్రాసు ప్రజలకు ఆ దొర మీద అభిమానం మిగిలిపోయింది. చిత్రమేమంటే అదే ట్రెవెల్యన్ 1863లో కలకత్తాకు ఆర్థిక సభ్యుడుగా తిరిగి వచ్చారు. గవర్నరు స్థాయి వాడికి అది పదవీ నష్టం, తరువాత మరొక పదవి. అదే పని ఒక గుమాస్తా చేసి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం నేటికీ మన పుస్తకాలలో ఉన్నది.

లక్ష్మీనరసు గారికి సర్కారు నుండి గౌరవాలు ఆలస్యంగానైనా వచ్చాయి. సి.ఎస్.ఐ. బిరుదు లభించింది. 1861 చట్టం ప్రకారం ఏర్పడిన మద్రాసు శాసనసభలో మొదటి దేశీయ సభ్యుడు వి. సదగోపాచార్యులు గారు 1863లో మరణించగా, ఆ స్థానంలో లక్ష్మీనరసు గారిని నియమించారు. సదర్ న్యాయమూర్తిని ఇంటికి పంపిన, ప్రకటన వేయనన్న అదే కోటలో ఆయనకు కుర్చీ దొరికింది.

ఆ కుర్చీ పరిమితులు కూడా చెప్పుకోవాలి. 1861 చట్టం ప్రకారం సభ్యులు ఎదుట పెట్టిన బిల్లు గురించి మాత్రమే మాట్లాడాలి. ప్రభుత్వాన్ని ప్రశ్న అడగడానికి వీలు లేదు, బడ్జెట్టును చర్చించడానికి వీలు లేదు. అడగడమే వృత్తిగా ఇరువై ఏండ్లు బయట నిలిచినవాడు లోపలికి అడుగుపెట్టిన నాడు అడిగే వీలు పోయింది. సభ్యులు ప్రశ్నలు వేసే హక్కు 1892 చట్టంతో గాని రాలేదు. బయట ఉన్నప్పుడు క్రెసెంట్ ఉండేది, సంఘం ఉండేది, సేమూర్ వంటి దొర దొరికేవాడు. లోపల గౌరవం ఉండేది.

ఆ లోగా సంఘం క్షీణించింది. ఒక్క మనిషి భుజాల మీద నిలిచిన ఇంటికి అంతకంటే ఏమవుతుంది? అది 1880లలో మళ్లీ ప్రాణం పోసుకునే యత్నం చేసింది. 1884 మేలో ఏర్పడిన మద్రాసు మహాజన సభ ఆ పనిని కొత్త చేతులలోకి తీసుకున్నది. మరుసటి ఏడు బొంబాయిలో కాంగ్రెసు పుట్టినప్పుడు మద్రాసు నుండి వెళ్లినవారిలో ఆ సభ వారే ముఖ్యులు.

లక్ష్మీనరసు గారి సంపద ఎట్లా కరిగిపోయిందో పద్దులవారీగా చెప్పే చిట్టా మనకు మిగలలేదు. పత్రిక అచ్చుకు, సంపాదకుడి జీతానికి, అర్జీలకు, సంఘపు ఖర్చులకు ఆయన చేయి విప్పుతూనే వచ్చారన్నది స్పష్టం. వ్యాపారంలోనూ మునుపటి కళ తప్పింది. రుమాళ్ల ఎగుమతిలో లక్షలు చూసిన మనిషి 1868లో ఇంచుమించు పేదవానిగా కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు అరవై రెండు.